కౌమార దశలో శరీర కూర్పు, శారీరక సామర్థ్యం

ఈ పాఠం చదవడానికి కూర్చునే ముందు ఒక టేపు, రెండు మీటర్ల దారం, సెకన్ల ముల్లు ఉన్న గడియారం దగ్గర పెట్టుకోండి. మధ్యలో వాటితో పని పడుతుంది. ఇంట్లో పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య పిల్లలుంటే వారినీ పక్కన కూర్చోబెట్టుకోండి. మీరే ఆ వయసువారైతే మరీ మంచిది.

పెద్ద రైల్వే స్టేషన్లలో రంగురంగుల దీపాలు వెలిగే బరువు యంత్రాలు ఉండేవి. మీలో చాలామంది వాటిని చూసే ఉంటారు. ఎక్కి నిలబడి నాణెం వేస్తే చిన్న అట్టముక్క బయటికి వచ్చేది. దాని మీద ఒక వైపు మీ బరువు, మరో వైపు మీ జాతకం ఉండేవి. జాతకం సంగతి అలా ఉంచండి. బరువు మాత్రం చాలావరకు సరిగానే ఉండేది. అయితే ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత అనేది అట్టముక్క చెప్పేది కాదు. నేడు మందుల దుకాణంలో ఉండే ఎలక్ట్రానిక్ త్రాసు కూడా మామూలుగా చెప్పదు.

మన ఇళ్లలో తరచుగా రెండు మాటలు వినపడుతుంటాయి. "వాడు బక్కపలచగా ఉన్నాడు, వాడికి షుగర్ ఎందుకొస్తుంది?" అనేది ఒకటి. "పిల్ల బొద్దుగా ఉంది, ఆరోగ్యానికేం లోటు?" అనేది రెండవది. ఈ రెండూ ఎంతవరకు నిజమో ఈ పాఠంలో పరిశీలిద్దాం. అందుకు మన ఊళ్ల పిల్లలతో పాటు ఇతర దేశాల పిల్లలను కూడా చూడవలసి ఉంటుంది.

ఒక కూడలిలో ముగ్గురు

ఈ పుస్తకం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోనే కాక బయటి రాష్ట్రాలలో ఉన్న తెలుగువారి చేతికి కూడా చేరుతుంది. గుజరాత్‌లోని సూరత్ నగరాన్నే తీసుకోండి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి నేత కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఆ నగరానికి కొద్ది దూరంలో, తాపీ నది ఒడ్డున కామ్‌రేజ్ ఉంది. ముంబయి నుంచి వచ్చే జాతీయ రహదారి అక్కడ సూరత్ రోడ్డును కలుస్తుంది. ఆ కూడలిని 'చార్ రస్తా' అంటారు. చుట్టూ చెరుకు తోటలు, మధ్యలో బస్సుల రద్దీ.

ఆ కూడలిలో ఒక ఉదయం పదహారేళ్ల వయసువారు ముగ్గురు నిలబడి ఉన్నారనుకుందాం. వీరు మన ఊహలోని వారే, కాని అక్కడ ఇటువంటివారు కనబడని రోజు ఉండదు. మొదటి అమ్మాయి చెరుకు కోతకు డాంగ్ జిల్లా నుంచి వచ్చిన కుటుంబానికి చెందినది. తెల్లవారకముందే లేచి, కోసిన చెరుకును మోపులు కట్టి మోస్తుంది. రెండవవాడు బట్టల వ్యాపారి కొడుకు. వీధి చివరికి వెళ్లాలన్నా స్కూటరు కావాలి. సాయంత్రం ఫరసాణ్, చల్లని సీసా పానీయం తప్పనిసరి. మూడవవాడు మన తెలుగు నేత కుటుంబపు అబ్బాయి. సన్నగా, చురుకుగా కనిపిస్తాడు. ట్యూషన్‌కు వెళ్తాడు, మిగతా సమయమంతా గదిలో ఫోనుతోనే గడుపుతాడు.

వీరిలో ఆరోగ్యవంతులెవరు? జవాబును ఒక కాగితం మీద రాసుకొని పక్కన పెట్టండి. పాఠం చివర దాన్ని మళ్లీ చూడవచ్చు.

శరీరం వేటితో తయారైంది?

శరీర బరువును స్థూలంగా రెండు భాగాలుగా చూడవచ్చు. ఒకటి కొవ్వు. రెండవది కొవ్వు కాని మిగతా భాగం, అంటే కండరాలు, ఎముకలు, నీరు, గుండె, కాలేయం మొదలైన అవయవాలు. ఈ రెండు భాగాల నిష్పత్తినే శరీర కూర్పు అంటారు.

కొవ్వు అనగానే చెడ్డదని అనుకోకండి. శరీరానికి అది దాచుకున్న ధాన్యపు గాదె వంటిది. అవయవాలను దెబ్బల నుంచి కాపాడుతుంది, హార్మోన్ల తయారీకి అవసరమవుతుంది. బాలికలు సకాలంలో రజస్వల కావడానికి కూడా కొంత కొవ్వు ఉండాలి. పన్నెండు, పదమూడేళ్ల వరకు ఆడపిల్లలకు, మగపిల్లలకు శరీర కూర్పులో పెద్ద తేడా ఉండదు. ఆ తరువాత దారులు వేరవుతాయి. అబ్బాయిల్లో కండ, ఎముక వేగంగా పెరుగుతాయి. అమ్మాయిల్లో తుంటి, తొడల దగ్గర కొవ్వు చేరుతుంది. కౌమారం ముగిసే సరికి ఆరోగ్యవంతుడైన యువకుడి బరువులో కొవ్వు సుమారు ఆరో వంతు లేదా ఏడో వంతు ఉంటే, ఆరోగ్యవంతురాలైన యువతి బరువులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. ఇది ప్రకృతి సహజం. కూతురికి పద్నాలుగేళ్లు రాగానే "లావెక్కిపోతున్నావు" అంటూ అన్నం తగ్గించే తల్లులు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి.

కొవ్వు ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ చేరిందన్నది అంతకన్నా ముఖ్యం. చర్మం కింద చేరే కొవ్వు వల్ల హాని తక్కువ. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది. బయటికి పొట్ట పెద్దగా కనిపించకపోయినా లోపల ఈ కొవ్వు ఉండవచ్చు.

ఒక లెక్క, దాని పరిమితులు

బరువును, ఎత్తును కలిపి చూసే లెక్క ఒకటి ఉంది. కిలోగ్రాములలోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగించాలి. బెల్జియం దేశపు గణిత శాస్త్రవేత్త కెత్లే 1830ల్లో ఈ లెక్క చెప్పాడు. 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దీనికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టాడు. ఆసుపత్రులలో బి.ఎం.ఐ. అంటారు. మనం శరీర ద్రవ్యరాశి సూచిక అందాం.

ఉదాహరణకు ఒక అబ్బాయి బరువు 46 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు, అంటే 1.6 మీటర్లు. 1.6ను 1.6తో గుణిస్తే 2.56 వస్తుంది. 46ను 2.56తో భాగిస్తే సుమారు 18 వస్తుంది.

పెద్దవారిలో ఈ సూచిక 18.5 కన్నా తక్కువైతే బరువు చాలదని, 25 లేదా అంతకు మించితే అధిక బరువని, 30 లేదా అంతకు మించితే స్థూలకాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ ప్రకారం పై అబ్బాయికి బరువు చాలదనిపిస్తుంది. కాని తొందరపడకండి. ఈ హద్దులు పెద్దవారివి. ఎదిగే పిల్లలకు వయసును బట్టి, ఆడ మగ తేడాను బట్టి హద్దులు మారుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5 నుంచి 19 ఏళ్ల వారికి వేరే పట్టికలు ఇచ్చింది. వాటి ప్రకారం పదహారేళ్ల అబ్బాయికి సుమారు 16.5 నుంచి 23.5 వరకు మామూలే. కనుక ఆ అబ్బాయికి పదహారేళ్లైతే అతను హద్దులోనే ఉన్నాడు.

పాఠగత ప్రశ్న 1: ఒక అమ్మాయి ఎత్తు 150 సెం.మీ., బరువు 45 కిలోలు. ఆమె సూచిక ఎంత?

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఈ సూచిక కూడా రైల్వే స్టేషన్ యంత్రానికి బంధువే. కండ బరువును, కొవ్వు బరువును వేరు చేసి చెప్పలేదు. కుస్తీ పట్టేవాడికి, కూర్చుని తినేవాడికి ఒకే అంకె రావచ్చు.

ఒకే అంకె, రెండు శరీరాలు

2004లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఇద్దరు వైద్య శాస్త్రవేత్తలు తమ శరీరాలనే ఉదాహరణగా చూపారు. ఒకరు పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్. మరొకరు లండన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి సూచిక 22.3. ప్రత్యేకమైన ఎక్స్‌రే పద్ధతిలో కొలిస్తే యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉన్నట్లు తేలింది. యుడ్కిన్ మారథాన్ పరుగులు తీసేవాడు. ఉదయం ఆసుపత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోగా పరుగెత్తడమే తన వ్యాయామమని యాజ్ఞిక్ సరదాగా రాసుకున్నాడు. అయితే తేడా అంతా పరుగులోనే లేదని కూడా వారు సూచించారు. యాజ్ఞిక్ పుట్టినప్పుడు బరువు తక్కువ.

ఈ చివరి మాట చాలా ముఖ్యమైనది. పుణె దగ్గరి పల్లెల్లో 1993లో మొదలైన ఒక అధ్యయనంలో యాజ్ఞిక్ బృందం గర్భిణులను, వారికి పుట్టిన శిశువులను పరిశీలించింది. అక్కడి శిశువుల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువుల సగటు 3.5 కిలోలు. మన శిశువుల్లో కండ, పొట్టలోని అవయవాలు బాగా చిన్నవిగా ఉన్నాయి. కాని వీపు మీది చర్మం మడతను కొలిస్తే, కొవ్వు మాత్రం ఆ మేరకు తగ్గలేదు. కడుపులో ఉండగా తిండి చాలనప్పుడు శరీరం కండను పెంచడం మాని కొవ్వును కాపాడుకుంటుందన్న మాట. సన్నగా కనిపిస్తూ లోపల కొవ్వు ఉన్న శరీరానికి పునాది అక్కడే పడుతోంది.

అందుకే భారతీయులకు, మరికొందరు ఆసియా దేశాలవారికి 25 దాకా ఆగకుండా, సూచిక 23 చేరినప్పుడే జాగ్రత్త పడాలని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించారు. మన దేశంలో 2016-18 మధ్య జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే చెప్పినది కూడా ఇదే కోవలోకి వస్తుంది. 10 నుంచి 19 ఏళ్ల వారిలో 24 శాతం మంది ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారు. అధిక బరువు ఉన్నవారు 5 శాతమే. అయినా ప్రతి పదిమందిలో ఒకరి రక్తంలో చక్కెర, మధుమేహానికి ముందు దశ అనదగిన స్థాయిలో ఉంది. అధిక బరువువారి సంఖ్యకు ఇది రెట్టింపు. "బక్కవాడికి షుగర్ ఎందుకొస్తుంది?" అన్న ప్రశ్నకు ఈ అంకెలలో జవాబు దొరుకుతుంది.

హైదరాబాదు దగ్గరి పల్లెల్లో జరిగినది

పునాది కడుపులోనే పడుతుందంటే, ఆ పునాదిని బాగుచేయడం మన చేతిలో ఉందా? ఈ ప్రశ్నకు జవాబు వెతికిన అధ్యయనాలలో ఒకటి తెలుగు నేల మీదే జరిగింది. కొంచెం నిదానంగా చూద్దాం.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఈ సంస్థ 1987 నుంచి 1990 వరకు నగరానికి దగ్గరలోని 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. 15 పల్లెల్లో అప్పటికే అంగన్‌వాడీ పథకం అమలులో ఉంది. మిగతా 14 పల్లెలకు అది ఇంకా రాలేదు. పథకం ఉన్న పల్లెల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ల లోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా పిండి, సోయా నూనెలతో చేసిన ఉప్మా అది. గర్భిణికి సుమారు 500 కేలరీలు, 20 నుంచి 25 గ్రాముల మాంసకృత్తులు అందేవి. పిల్లలకు సుమారు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు అందేవి. పథకం ఉన్న పల్లెల్లో పుట్టిన శిశువుల బరువు సగటున 60 గ్రాములు ఎక్కువ ఉంది. అరవై గ్రాములంటే ఒక కోడిగుడ్డంత. ఆ రోజున ఇది చూసినవారికి "ఇంత ఖర్చు పెట్టి సాధించింది గుడ్డంతేనా?" అనిపించినా ఆశ్చర్యం లేదు.

పరిశోధకులు 2003-2005 మధ్య మళ్లీ ఆ పల్లెలకు వెళ్లారు. ఆనాటి శిశువులు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యారు. పదిహేనేళ్ల తరువాత వెతికితే అందరూ దొరకరు కదా! దొరికినవారు 1165 మంది. వారి ఎత్తు, బరువు, చర్మం మడతలు, రక్తపోటు, రక్తంలోని చక్కెర, ఇన్సులిన్ కొలిచారు. రక్తనాళాలు ఎంత మెత్తగా సాగుతున్నాయో కూడా చూశారు. ఫలితాలు 2008లో వెలువడ్డాయి. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు మిగతావారికన్నా సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. శరీరంలో కొవ్వు పాళ్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాని ఇన్సులిన్ పనికి శరీరం చూపే నిరోధం సుమారు 20 శాతం తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసుతనమూ తక్కువే.

ఈ ఫలితాన్ని సరిగా అర్థం చేసుకోండి. రెండు రకాల పల్లెల పిల్లలను పక్కపక్కన నిలబెడితే మీరు గానీ నేను గానీ తేడా కనిపెట్టలేం. పద్నాలుగు మిల్లీమీటర్లు చెప్పుల మందమంత. త్రాసు కూడా పట్టుకోలేదు. తేడా అంతా చర్మం లోపల ఉంది. పదిహేనేళ్ల కిందట తల్లి తిన్న ఉప్మా, పసితనంలో బిడ్డ తిన్న ఉప్మా ఆ పిల్లల రక్తనాళాలలో ఇంకా పనిచేస్తున్నట్లే కనిపిస్తోంది. అయితే శాస్త్రం ఇక్కడ కొంత జాగ్రత్త పాటిస్తుంది. ఏ పల్లెకు ఉప్మా ఇవ్వాలో చీటీలు వేసి నిర్ణయించలేదు, పథకం ముందుగా వచ్చిన పల్లెలకే ఇచ్చారు. కనుక పల్లెల మధ్య ఇతర తేడాలు కూడా కొంత పనిచేసి ఉండవచ్చు. అయినా నా దృష్టిలో, గర్భిణిగా ఉన్న కోడలికి చివరి బంతిలో మిగిలింది పెట్టే ఇళ్లలో గట్టిగా చదివి వినిపించవలసిన ఫలితం ఇది.

ఇదే విధంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలను ఇథియోపియా, పెరు, వియత్నాం పిల్లలతో పోల్చిన 'యంగ్ లైవ్స్' అనే అధ్యయనం 2002లో మొదలైంది. ఒక్కొక్క దేశంలో సుమారు మూడు వేల మందిని ఏళ్ల తరబడి వెంబడించారు. ఏడాది వయసులో గిడసబారిన పిల్లలలో కొందరు తరువాత పుంజుకున్నారని, మరికొందరు మొదట బాగుండి తరువాత వెనకబడ్డారని నాలుగు దేశాలలోనూ కనిపించింది. అంటే మొదటి రెండేళ్లు ఎంతో ముఖ్యమే అయినా, ఆ తరువాత తలుపులు పూర్తిగా మూసుకుపోవు.

ఇతర దేశాల పిల్లలు

ఎత్తుతో మొదలుపెడదాం. 2019 నాటి అంచనాల ప్రకారం పందొమ్మిదేళ్ల నెదర్లాండ్స్ యువకుడి సగటు ఎత్తు సుమారు 184 సెం.మీ. మన దేశపు యువకుడిది సుమారు 166 సెం.మీ. తూర్పు తైమూరులో 160 సెం.మీ. ఇదంతా జాతి లక్షణమని అనుకోవడానికి వీలులేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో నెదర్లాండ్స్‌వారు యూరపులో పొట్టివారిలో లెక్క. పాలు, మాంసకృత్తులు, మంచి నీరు, అంటురోగాల అదుపు తరతరాలుగా కలిసి వారిని పొడవు చేశాయి.

బరువు విషయంలో ప్రపంచం రెండు వైపులా లాగుతోంది. 5 నుంచి 19 ఏళ్ల వారిలో స్థూలకాయులు 1975లో ఒక కోటి పది లక్షలు. 2022 నాటికి సుమారు 16 కోట్లు. పసిఫిక్ మహాసముద్రంలోని నౌరు, కుక్ దీవులలో ఈ సమస్య చాలా ఎక్కువ. 2016 అంచనాలలో బరువు బాగా చాలని పిల్లల శాతం అన్ని దేశాలకన్నా ఎక్కువగా ఉన్నది మన దేశంలోనే. అదే సమయంలో మన దేశంలో స్థూలకాయులైన పిల్లలు 1990లో సుమారు నాలుగు లక్షలు ఉంటే, 2022లో కోటీ పాతిక లక్షలయ్యారు. కామ్‌రేజ్ కూడలిలో చెరుకు మోపు మోసే అమ్మాయి, స్కూటరు మీది అబ్బాయి పక్కపక్కనే నిలబడటానికి అర్థం ఇదే. రెండు దేశాల మధ్య కనిపించే దూరం అక్కడ ఒకే రోడ్డు మీద కనిపిస్తుంది.

ఇక శారీరక సామర్థ్యం. ఇది శరీర కూర్పుకు దగ్గరి బంధువే గాని వేరు విషయం. రోజువారీ పని అలసట లేకుండా చేసి, ఇంకా ఆటకు, ఆపదకు సరిపడా ఓపిక మిగిలి ఉండటమే శారీరక సామర్థ్యం. ఇందులో గుండె, ఊపిరితిత్తుల శక్తి, కండబలం, కీళ్ల వంపు మొదలైనవన్నీ చేరతాయి.

1950ల్లో అమెరికాలో హాన్స్ క్రాస్, రూత్ హిర్ష్‌లాండ్ అనే ఇద్దరు, పిల్లల కండబలానికి ఆరు సులభమైన పరీక్షలు పెట్టారు. మోకాళ్లు వంచకుండా వేళ్లతో నేలను తాకడం వాటిలో ఒకటి. అమెరికా పిల్లలలో సగానికి పైగా కనీసం ఒక పరీక్షలో తప్పారు. ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ పిల్లలలో తప్పినవారు పదిమందిలో ఒకరికన్నా తక్కువ. ఇంటింటా కారు, టెలివిజన్ వచ్చిన దేశం పిల్లలే వెనకబడ్డారు! ఈ వార్త అధ్యక్షుడు ఐసన్‌హోవర్ దాకా వెళ్లింది. 1956లో ఆయన యువజనుల దేహదార్ఢ్యం కోసం ప్రత్యేక మండలిని ఏర్పాటు చేశాడు.

గుండె, ఊపిరితిత్తుల శక్తిని కొలవడానికి కెనడాకు చెందిన లూక్ లెజే 1982లో ఒక పరుగు పరీక్షను రూపొందించాడు. ఇరవై మీటర్ల దూరంలో రెండు గీతలు గీస్తారు. టేపు రికార్డరులో 'బీప్' మోగేలోగా ఒక గీత నుంచి మరో గీతకు చేరాలి. మొదట వేగం గంటకు 8.5 కిలోమీటర్లు. నిమిషానికొకసారి అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది. అందుకోలేనివారు ఆగిపోతారు. పెద్ద ఖర్చు లేదు కనుక ఇది ప్రపంచమంతా పాకింది. 50 దేశాలలోని 9 నుంచి 17 ఏళ్ల పిల్లల ఫలితాలను ఒకచోట చేర్చి 2016లో పోల్చి చూశారు. మొదటి స్థానం టాంజానియాది. తరువాత ఐస్‌లాండ్, ఎస్టోనియా, నార్వే, జపాన్. అమెరికా 47వది, మెక్సికో చివరిది. ఇందులో ఇంకొక విశేషం ఉంది. ధనికులకు, పేదలకు మధ్య అంతరం ఎక్కువగా ఉన్న దేశాల పిల్లలు సగటున వెనకబడి ఉన్నారు. ఆట స్థలం, తీరిక, మంచి తిండి కొందరికే దక్కినప్పుడు దేశపు సగటు పడిపోతుందని దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఈ వయసువారు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 2016 లెక్కల ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల వారిలో ప్రపంచమంతటా 81 శాతం మంది అంత కదలడం లేదు. చదువుల ఒత్తిడి తీవ్రంగా ఉన్న దక్షిణ కొరియాలో ఇది 94 శాతం. మన దేశంలో సుమారు 74 శాతం, బంగ్లాదేశ్‌లో 66 శాతం. మన స్థితి కొంత మెరుగ్గా ఉండటానికి అబ్బాయిల క్రికెట్, అమ్మాయిల ఇంటి పని కారణం కావచ్చని ఆ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. నీళ్లు మోసే ఆడపిల్ల వల్ల దేశం సగటు బాగుపడిందంటే సంతోషించాలో లేదో మీరే ఆలోచించండి.

పని చేస్తే వ్యాయామం చేసినట్లేనా?

"పన్నెండు గంటలు మగ్గాల దగ్గర నిలబడతాను, నాకు వేరే వ్యాయామం ఎందుకు?" అని మీలో కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నిలబడటం వల్ల కాళ్లు, నడుము అలసిపోతాయి. కాని గుండె వేగం పెద్దగా పెరగదు. ఊపిరి బరువెక్కదు. అందువల్ల గుండెకు శిక్షణ దొరకదు. సూరత్‌లో చీరలకు రాళ్లు అతికే పని ఇంట్లో కూర్చుని చేసే స్త్రీలకు, వజ్రాలు సానపట్టే వారికి ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. చెరుకు మోసే అమ్మాయి విషయం వేరు. ఆమె గుండెకు, కండకు పని పుష్కలంగా ఉంది. ఆ పనికి తగిన తిండి, విశ్రాంతి లేవు. తిండి లేని శ్రమ కండను పెంచదు, ఉన్న కండను కరిగిస్తుంది.

ఇక్కడ రక్తహీనత గురించి ఒక మాట. ఇంతకు ముందు చెప్పిన జాతీయ సర్వేలో కౌమార దశలోని ఆడపిల్లల్లో 40 శాతం, మగపిల్లల్లో 18 శాతం రక్తహీనులని తేలింది. రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం తక్కువైతే ఎంత మంచి గుండె అయినా తొందరగా అలసిపోతుంది. మెట్లెక్కితే ఆయాసపడే అమ్మాయిని "బద్ధకం" అని కసిరే ముందు రక్త పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష, ఇనుము మాత్రలు ఉచితం.

తిండి విషయంలో మన కుటుంబాల లోపం సాధారణంగా ఒకటే. పళ్లెం నిండా అన్నం లేదా రొట్టె, పక్కన పలచని చారు లేదా కారం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతానికి మించకూడదు. మిగతాది పప్పులు, గింజలు, పాలు, కూరగాయలు, గుడ్లు, మాంసం వంటి వాటి నుంచి రావాలి. గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు, చిక్కటి పప్పు, ఒక గుడ్డు ఖరీదైనవి కావు. రోజూ కొనే చిప్స్ పొట్లాల డబ్బు లెక్కేస్తే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

మీరే చేసి చూడండి

ఇప్పుడు దారం తీసుకోండి. గోడకు ఆనుకుని నిలబడి, మడమ నుంచి నడినెత్తి వరకు మీ ఎత్తుకు సరిపడా దారం కత్తిరించండి. దాన్ని సగానికి మడవండి. మడిచిన దారాన్ని బొడ్డు చుట్టూ, బిగించకుండా, ఊపిరి మామూలుగా వదిలి చుట్టండి. రెండు కొసలూ కలిస్తే నడుము కొలత మీ ఎత్తులో సగం లేదా అంతకు తక్కువ ఉన్నట్లు. కలవకపోతే పొట్ట లోపల కొవ్వు చేరుతోందని అనుమానించాలి. పిల్లవాడి మొలతాడు బిగుతైందా వదులైందా అని చూసే మన పెద్దలకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. పిల్లలకు, పెద్దలకు, సన్నవారికి, లావువారికి ఇది ఒకే విధంగా వర్తిస్తుంది. గర్భిణులకు మాత్రం వర్తించదు.

రెండవది నాడి పరీక్ష. ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు మీద చూపుడువేలు, నడిమివేలు ఆనించి 15 సెకన్లు నాడి లెక్కించి నాలుగుతో గుణించండి. ఆ అంకె రాసుకోండి. తరువాత ఇంటి మెట్టు ఒకటి మూడు నిమిషాల పాటు సమాన వేగంతో ఎక్కి దిగండి. ఆగి కూర్చుని, సరిగ్గా ఒక నిమిషం తరువాత మళ్లీ నాడి లెక్కించండి. గుండె ఎంత సమర్థమైనదైతే నాడి అంత త్వరగా మొదటి అంకె వైపు దిగివస్తుంది. మీ అంకెను పక్కింటివారి అంకెతో పోల్చకండి. వారానికి ఐదు రోజులు, మాట్లాడగలిగినా పాడలేనంత వేగంతో అరగంట నడిచి, ఆరు వారాల తరువాత అదే మెట్టు మీద, అదే వేళలో మళ్లీ చేసి మీ పాత అంకెతో పోల్చండి. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు వైద్యుడిని అడగకుండా ఈ పరీక్ష చేయవద్దు. మధ్యలో ఛాతీ నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే ఆపండి.

పాఠగత ప్రశ్న 2: హైదరాబాదు దగ్గరి పల్లెల అధ్యయనంలో, రెండు రకాల పల్లెల పిల్లల తేడాను త్రాసుతో ఎందుకు పట్టుకోలేకపోయారు?

పాఠగత ప్రశ్న 3: కామ్‌రేజ్ కూడలిలోని ముగ్గురి గురించి మీరు మొదట రాసుకున్న జవాబు తీయండి. ఒక్కొక్కరికి ముందుగా ఏ పరీక్ష చేయించాలంటారు?

జవాబులు

1. 1.5ను 1.5తో గుణిస్తే 2.25. 45ను 2.25తో భాగిస్తే 20.

2. కొవ్వు పాళ్లలో, బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఇన్సులిన్ పనితీరులో, రక్తనాళాల మెత్తదనంలో ఉంది. అవి రక్త పరీక్షలోను, ప్రత్యేక పరికరాలతోను మాత్రమే తెలుస్తాయి.

3. చెరుకు మోసే అమ్మాయికి ముందుగా రక్తహీనత పరీక్ష, దానితో పాటు ఎత్తు, బరువు. స్కూటరు అబ్బాయికి దారం కొలత, మెట్టు మీద నాడి పరీక్ష. సన్నని తెలుగు అబ్బాయికి కూడా అవే రెండూ చేయించాలి. ఇంట్లో ఎవరికైనా మధుమేహం ఉన్నా, అతను పుట్టినప్పుడు బరువు రెండున్నర కిలోలకన్నా తక్కువైనా రక్తంలో చక్కెర పరీక్ష గురించి వైద్యుడిని అడగాలి. పుట్టినప్పటి బరువు అతని తల్లికి గుర్తుండకపోతే, ఆసుపత్రిలో కాన్పు జరిగినప్పుడు ఇచ్చిన కార్డు మీద రాసి ఉంటుంది. ఆ కార్డు పారేయకుండా దాచి ఉంచారేమో ఇంట్లో వెతకమనండి.